లారీ బేకరు గోడలు : శాస్త్రదృష్టితో ఒక పరిశీలన

వాస్తుశిల్పి లారీ బేకరును గూర్చి వ్రాసినవారిలో రెండు తెగలవారు కనబడుదురు. ఒక తెగవారు ఆయనను ఋషివలె పూజింతురు. గాంధీమహాత్ముని మాట విని మన దేశమున నిలిచిపోయి, పేదలకు ఇండ్లు కట్టినాడని కన్నీరు పెట్టుకొందురు. రెండవ తెగవారు 'చౌక ఇండ్ల బేకరు' అని ఒక ముద్ర వేసి, అంతటితో ఊరకుందురు. ఈ ఉభయులును ఆయన కట్టిన గోడ దగ్గరకు పోయి, ఇటుకలు లెక్కపెట్టి చూచినట్లు తోచదు. భౌతికశాస్త్రము బోధించువానికి ఆ లెక్కయే ముఖ్యము. గోడ చల్లగా ఉన్నదని చెప్పినయెడల ఎంత చల్లగా ఉన్నదని అడుగవలెను. ఖర్చు తగ్గినదని చెప్పినయెడల ఏ వస్తువు, ఏ కారణముచేత తగ్గినదని అడుగవలెను. ఆ ప్రశ్నలకు బేకరు కట్టడములు చాలవరకు నిలుచును. కొన్నిచోట్ల ఆయన కంటె ఆయన భక్తులే ఎక్కువ చెప్పినారు.

జీవితచరిత్ర విస్తారముగా చెప్పుట ఇచ్చట నా ఉద్దేశము కాదు. బేకరు 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో జన్మించి, అచ్చటనే వాస్తువిద్య నభ్యసించినారు. రెండవ ప్రపంచయుద్ధకాలములో క్వేకరు మతస్థుల వైద్యసహాయ దళముతో చైనాకు పోయినారు. తిరుగు ప్రయాణములో ఓడ కొరకు బొంబాయిలో కొన్ని నెలలు వేచియుండవలసివచ్చినప్పుడు గాంధీజీతో పరిచయము కలిగినది. చైనాలో నేర్చి గుడ్డపీలికలతో తాను స్వయముగా కుట్టుకొన్న చెప్పులు గాంధీజీ దృష్టి నాకర్షించినవట. ఇంటికి కావలసిన సామగ్రి ఆ ఇంటికి ఐదుమైళ్ళ లోపల దొరకునదిగా ఉండవలెనన్న భావము తనకు ఆయనవద్దనే కలిగినదని బేకరు చెప్పుచుండెడివారు. 1945 ప్రాంతమున ఆయన కుష్ఠరోగుల వైద్యశాలల నిర్మాణపు పనిమీద మన దేశమునకు మరల వచ్చినారు. 1948లో కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్తు జాకబును వివాహమాడి, హిమాలయములలోని పిథోరాగఢ్‌లో సుమారు పదునారేండ్లు నివసించినారు.

ఈ పదునారేండ్లే ఆయనకు అసలైన కళాశాల అని నా అభిప్రాయము. బర్మింగ్‌హాములో నేర్చిన విద్య అచ్చట చెల్లలేదు. సిమెంటు లేదు, ఉక్కు లేదు. రాయి, మట్టి, కొయ్య, వానిని వాడుట యెరిగిన కొండజనము మాత్రమే ఉన్నారు. పట్టభద్రుడైన వాస్తుశిల్పి పట్టా లేని తాపీపనివాని చేతిక్రింద శిష్యుడై కూర్చుండుట ఆ కాలమునందు సామాన్యవిషయము కాదు. 1963లో కేరళలోని వాగమణ్‌కును, తరువాత తిరువనంతపురమునకును వచ్చునప్పటికి ఆయన వయస్సు నలుబదియైదు దాటినది. పేరు తెచ్చిన కట్టడములన్నియు ఆ పిమ్మటివే. 2007లో తిరువనంతపురములోనే మరణించినారు.

ఇక గోడ సంగతి. బేకరు విరివిగా వాడి ప్రచారములోనికి తెచ్చిన పద్ధతికి 'ర్యాట్‌ట్రాప్ బాండు', అనగా ఎలుకబోను కట్టు, అని పేరు. దీనిని ఆయన కనిపెట్టలేదు. ఇంగ్లండులో పూర్వమునుండి ఉన్నదే. మనము ఇటుకను వెడల్పు ముఖము క్రిందికి వచ్చునట్లు పడుకోబెట్టి కట్టుదుము. ఈ పద్ధతిలో ఇటుకను ప్రక్కఅంచుమీద నిలబెట్టి కట్టవలెను. విద్యార్థులు కాగితము, పెన్సిలు తీసికొని నాతోపాటు లెక్కచేయవచ్చును. మాలుతో కలిపి ఇటుక పొడవు 9 అంగుళములు, వెడల్పు నాలుగున్నర, మందము 3 అనుకొందము. దాని ఘనపరిమాణము 121.5 ఘనపు అంగుళములు. తొమ్మిదంగుళముల మామూలు గోడలో ఒక చదరపు అడుగునకు 1296 ఘనపు అంగుళములు ఉండును. కావున సుమారు 10.7 ఇటుకలు పట్టును.

ఎలుకబోను కట్టులో గోడ బయటిముఖమున ఒక ఇటుక, లోపలిముఖమున ఒక ఇటుక, ఈ రెండును నిడివిగా నిలిచియుండును. వాని ప్రక్కన మూడవ ఇటుక గోడకు అడ్డముగా నిలిచి రెండు ముఖములను కలుపును. ఈ మూడు ఇటుకల కూటమి గోడలో 12 అంగుళముల పొడవును, నాలుగున్నర అంగుళముల ఎత్తును ఆక్రమించును. అనగా 54 చదరపు అంగుళములకు మూడు ఇటుకలు. చదరపు అడుగునకు సరిగా ఎనిమిది. మూడు ఇటుకల నడుమ మిగిలిన ఖాళీ 9 అంగుళముల పొడవు, 3 అంగుళముల వెడల్పు, నాలుగున్నర ఎత్తు గలది. అది సరిగా ఒక ఇటుక ఆకారమే! నాలుగు ఇటుకలుండవలసిన చోట మూడు ఇటుకలును, ఒక ఇటుకంత గాలియు ఉన్నవన్నమాట. నూటికి ఇరువదియైదు పాళ్ళు ఆదా అని చెప్పు మాటలో అతిశయోక్తి లేదు. గోడ మందము తగ్గలేదు. మాలు కూడ కొంత తగ్గును. ఒకటి రెండంతస్తుల సామాన్య గృహమునకు దాని బలము చాలును. తరగతిలో నల్లబల్లమీద దీనిని గీచి చూపినయెడల ఘనపరిమాణముల పాఠము పిల్లలకు మరపునకు రాదు.

అయితే ఈ లెక్కలో ఒక షరతు ఇమిడియున్నది. ఇటుకలన్నియు ఒకే కొలతలో ఉండవలెను. వంకరటింకర నాటుఇటుకతో ఈ కట్టు కట్టినయెడల బయటిముఖము సరిపెట్టబోగా లోపలిముఖము చెడును. మేస్త్రి అజాగ్రత్తగా ఉన్నచో మాలు జారి ఖాళీలలో పడి నిండిపోవును. అప్పుడు ఇటుక మిగిలినను సిమెంటు నష్టమగును. పునాదిపై మొదటి వరుస, కిటికీల అడుగు వరుస మొదలైనచోట్ల గట్టిగోడయే కట్టవలెను. భూకంపభయము గల ప్రాంతములలో మూలలయందలి ఖాళీలలో ఇనుపఊచలు నిలిపి కాంక్రీటు నింపుట, లింటలు మట్టమున గోడ చుట్టును పట్టీ వేయుట విడువరాదు. ఇవి బేకరు చెంతనున్న పనివాండ్రకు తెలిసిన సంగతులే. దూరముగా ఉండి బొమ్మ చూచి కట్టించుకొనువారికి తెలియవు.

గోడ ఖర్చునుగూర్చిన మాట నిజమైనది. దాని చల్లదనమును గూర్చిన మాటను మాత్రము కొంచెము పరీక్షింపవలెను. 'గాలి అధమవాహకము, గోడ నడుమ గాలియున్నది, కావున ఎండవేడి లోపలికి రాదు' అని అనేకులు వ్రాయుదురు. నిశ్చలమైన గాలి నిజముగా అధమవాహకమే. దాని ఉష్ణవాహకత్వము ఇటుకలో ఇరువదియైదవ వంతు మాత్రమే. కాని మూడంగుళముల వెడల్పుగల ఖాళీలో గాలి నిశ్చలముగా ఉండదు. వేడిముఖమువద్ద గాలి పైకి లేచును, చల్లని ముఖమువద్ద క్రిందికి దిగును, ఇది సంవహనము. ఇదిగాక ఒక ముఖమునుండి రెండవ ముఖమునకు వికిరణముచేత వేడి నేరుగా పోవును. దానికి గాలి అడ్డురాదు. ఈ రెండింటిని కలుపుకొన్నయెడల అట్టి గాలిపొర ఉష్ణనిరోధము, ఇంజనీర్లు వాడు మెట్రిక్ ప్రమాణములలో, సుమారు 0.18. అంతే మందముగల ఇటుక నిరోధము, వాహకత్వమును 0.7గా తీసికొన్నచో, సుమారు 0.11. లాభమున్నది గాని ఇరువదియైదు రెట్లు కాదు. ఒకటిన్నర రెట్లకు కొంచెము మించును. అదియు గోడ అంతటను లేదు. పొడవులో ప్రతి 12 అంగుళములకు 3 అంగుళములచొప్పున అడ్డుఇటుక వంతెనవలె నిలిచి వేడిని దాటించుచునే ఉండును. గోడ రెండు ముఖములయందలి గాలిపొరలను కూడ చేర్చి లెక్కించగా, మామూలు గోడ కంటె ఈ గోడగుండా వచ్చు వేడి సుమారు పదోవంతు తగ్గునని నాకు తేలినది. ఇది తృణీకరింపదగినది కాదు. తక్కువ ఖర్చుతో వచ్చినది గనుక ఆనందింపదగినదే. కాని ఈ ఒక్క గోడతోనే ఇల్లు కొండగుహవలె చల్లబడునని ఇంటివారికి చెప్పిన మేస్త్రి మరుసటి వేసవిలో మాటపడక తప్పదు.

బేకరు గృహములు చల్లగా ఉన్నవనుట అబద్ధమా? కాదు. అవి చల్లగానే ఉండును. కారణము వేరు. ముందుకు సాగిన చూరులు గోడలమీద ఎండ పడనీయవు. నరుకకుండ విడిచిన చెట్లు నీడనిచ్చును. పైకప్పు, జాలీ గోడలు మిగిలిన పని చేయును.

పైకప్పునకు ఆయన వాడిన 'ఫిల్లరు స్లాబు' పదవతరగతి విద్యార్థికి కూడ బోధపడగల ఉపాయము. రెండు గోడలమీద ఆనిన పలక బరువుచేత నడుమ కొంచెము వంగును. అప్పుడు పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. కాంక్రీటు నొక్కుడునకు గట్టిది. సాగదీసినయెడల అందులో పదోవంతు బలమైనను చూపలేదు. అందుచేతనే అడుగున ఇనుపఊచలు వేయుదుము. ఊచలే సాగుడు బలమును భరించుచుండగా వాని నడుమనున్న కాంక్రీటు చేయుచున్న పనియేమి? ఊచలను కప్పియుంచుట, వానిని పైభాగముతో కలిపియుంచుట తప్ప మరేమియు లేదు. ఘనమీటరునకు 2400 కిలోగ్రాముల బరువుగల ఆ కాంక్రీటు తన బరువును తానే మోయుటకు అదనపు ఇనుమును కోరుచున్నది. కావున ఊచల నడుమ గళ్ళలో మంగుళూరు పెంకులు (మనవైపు వీనినే బెంగుళూరు పెంకులందురు) జతలుజతలుగా అమర్చి, పైన కాంక్రీటు పోయుదురు. కాంక్రీటు తగ్గును, బరువు తగ్గినది గనుక ఇనుము తగ్గును, జంటపెంకుల నడుమ గాలి చిక్కుకొనును. అడుగునుండి చూచినప్పుడు ఎర్రనిపెంకుల వరుసలు అందముగా కనబడును, పూత అక్కరలేదు. నా దృష్టిలో బేకరు ప్రచారము చేసిన పద్ధతులన్నింటిలో శాస్త్రబుద్ధికి గీటురాయి ఇదియే. ఎక్కడ పదార్థము పనిచేయుటలేదో గుర్తించి అక్కడనుండి దానిని తీసివేసినారు. ఇక్కడ కూడ హద్దు కలదు. స్లాబు ఒక గది దాటి నడిమిగోడ మీదుగా ప్రక్కగదిలోనికి సాగినప్పుడు ఆ గోడపైన సాగుడు అడుగునుండి పైకి మారును, నొక్కుడు క్రిందికి దిగును. అచ్చట పెంకులు పెట్టరాదు. ఇది ఇంజనీరు చూడవలసిన సంగతి.

జాలీ గోడలనుగూర్చి ఒక వింత భ్రమ వ్యాపించియున్నది. ఇటుకలను ఎడము విడిచి పేర్చిన ఈ గోడల రంధ్రములగుండా వచ్చు గాలి వేగము హెచ్చి, బెర్నౌలీ సూత్రముచేత చల్లబడునని పత్రికలలో చదువుచున్నాము. లెక్క చూడుడు. సెకనుకు 3 మీటర్ల గాలి రంధ్రములో 6 మీటర్ల వేగమందుకొన్నదనుకొన్నను, దాని ఉష్ణోగ్రతలో కలుగు తగ్గుదల డిగ్రీలో సుమారు నూరవవంతు. అంతటి తేడాను మన చర్మము ఎరుగదు. జాలీ గోడ చేయుపని వేరు. అది ఎండను రానీయక గాలిని రానిచ్చును. గాలి చెమటను ఆర్చును. చెమట ఆరుటకు కావలసిన వేడి మన దేహమునుండి పోవును. తిరువనంతపురమువంటి తేమగల తీరప్రాంతమున గాలి కదలనిచో చెమట ఆరదు. కావుననే కిటికీ రెక్కలతో పనిలేని, రేయింబవళ్ళు గాలి ఆడు గోడ అచ్చట వరమైనది. కొయ్యచట్రము, అద్దము, ఇనుపచువ్వలు గల కిటికీ కంటె చౌక, దొంగభయము లేదు. సూత్రము తప్పుగా చెప్పినంతమాత్రమున గోడ తప్పు కాదుగాని, ఉపాధ్యాయుడు ఆ తప్పును తరగతిలోనికి తేరాదు.

తిరువనంతపురములోని ఉళ్ళూరులో 1971 ప్రాంతమున ప్రారంభమైన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ ఈ ఉపాయములన్నింటిని ఒకచోట చూపును. ఆర్థికశాస్త్రవేత్త కె.ఎన్. రాజ్ ఈ పనిని బేకరున కప్పగించినారు. కొండవాలును చదునుచేయక, భవనములు ఆ వాలువెంటనే మెలికలు తిరుగును. వానిలో కంప్యూటరు భవనము నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది. యంత్రములకు ఉష్ణోగ్రతను అదుపులో ఉంచవలెను, అచ్చట జాలీ పనికిరాదు. అందుచే లోపల మూసిన గోడ, దాని వెలుపల జాలీ గోడ, ఇట్లు రెండు పొరలుగా కట్టినారు. వెలుపలిది ఎండను భరించి నీడనిచ్చును. లోపలిదానిని చల్లబరచుట సులభమగును. తనకిష్టమైన ఉపాయము చెల్లని చోటును గుర్తించి, దానిని విడువక మరొక పనికి మార్చుకొన్నారు. నగరములోని తంపానూరులో ఆయన రూపొందించిన కాఫీహౌసు గుండ్రని గోపురమువలె నిలిచియుండగా, లోపల నేల సర్పిలముగా పైకి ఎక్కుచుండును. వృత్తము మీది మక్కువకు లెక్క కూడ తోడున్నది. 400 చదరపు అడుగుల స్థలమును చుట్టుటకు 40కి 10 అడుగుల గదికి 100 అడుగుల గోడ కావలెను, చదరపు గదికి 80, గుండ్రని గదికి 71 అడుగులు చాలును. మంచము, బీరువా గుండ్రని గోడకు ఆనవన్నది వేరు సంగతి!

ఇక బేకరు పనిలో నిజమైన చిక్కు ఒకటి ఉన్నది, దానిని దాటిపోరాదు. సిమెంటు, ఉక్కు, గాజు తయారగుటకు చాల ఇంధనము ఖర్చగునని, ఇంటిలో ఇమిడిన ఆ శక్తిని కూడ లెక్కించవలెనని ఆయన పట్టుబట్టినారు. సిమెంటు బట్టీ వేడి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు. ఇంధనము మాట అటుంచి, నూరు గ్రాముల శుద్ధమైన సున్నపురాయి కాలినప్పుడే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు వెలువడును. ప్రపంచములో మానవుడు విడుచు కార్బన్ డయాక్సైడులో సుమారు 7, 8 శాతము సిమెంటు పరిశ్రమదే. ఆయన వాదము సరియైనదే. కాని ఆయనకు కీర్తి తెచ్చినది కాల్చిన ఇటుక. ఇటుకబట్టీకి కట్టెగాని బొగ్గుగాని కావలెను. పొలములోని మంచిమట్టి కావలెను. నాలుగింట ఒక ఇటుక మిగిల్చినంతమాత్రమున మిగిలిన మూడింటి పొగ పోదు. ఆయన దీనిని ఎరుగనివారు కారు. మట్టికట్టడముపై ప్రత్యేకముగా చిన్నపుస్తకము వ్రాసినారు. కాల్చని మట్టియే ఉత్తమమని వాదించినారు. అయినను ఆయనవద్దకు వచ్చినవారిలో పెక్కుమంది కోరినది ఎర్రఇటుక ఇల్లే. మట్టి పేదవాని గుర్తు. పూతలేని ఎర్రఇటుక నాగరికుని గుర్తు అయి కూర్చున్నది. పేదవాడో, తన ఇటుకగోడకు సిమెంటుపూత వేసి రంగు కొట్టిననాడే ఇల్లు పూర్తియైనదనుకొనును. కొసరు ఖర్చులేని గోడను సంపన్నుడు మెచ్చుకొనుట, పేదవాడు సిగ్గుపడుట! ఇది ఇటుకల లెక్కకు లొంగదు.

ఆయన విద్యాబోధన సంగతి. అది ప్రధానముగా తరగతిగదిలో జరుగలేదు. కట్టుచున్న గోడ ప్రక్కన జరిగినది. ప్రతిదినము పనిచోటికి పోయి, పారవేసిన కాగితపు ముక్కల వెనుక బొమ్మ గీచి మేస్త్రికి చూపుట ఆయన పద్ధతి. 1985లో మాజీ ముఖ్యమంత్రి సి. అచ్యుతమేనోను, కె.ఎన్. రాజ్, టి.ఆర్. చంద్రదత్తు మొదలైనవారితో కలిసి 'కాస్ట్‌ఫోర్డు' సంస్థను నెలకొల్పినారు. అందు వాస్తుశిల్పులును, తాపీపనివాండ్రును శిక్షణ పొందినారు. ఇంటిఖర్చు తగ్గించుటనుగూర్చి ఆయన వ్రాసిన ఇంగ్లీషు చిన్నపుస్తకము ఈ సంస్థ ద్వారానే వెలువడినది. పుటకొక రేఖాచిత్రము, ప్రక్కన చేతివ్రాతలో నాలుగు మాటలు. సమీకరణములు లేవు, పారిభాషికపదముల జాతర లేదు. సైన్సు వ్రాయువారు దానిని ఎదుట పెట్టుకొని వ్రాయదగును. దాని లోపము కూడ ఆ గుణమునందే ఉన్నది. 'ఇట్లు చేయుడు' అని చక్కగా చెప్పును. 'ఎక్కడ ఇట్లు చేయరాదు' అని చెప్పుటకు అంత చోటు లేకపోయినది. పనిచోట ఆ రెండవమాట చెప్పుటకు బేకరు స్వయముగా ఉండెడివారు. పుస్తకమును మాత్రమే ఎరిగినవానికి ఆయన ఉండరు. ఒక్కని చూపుతో, ఒక్కని చేతితో నడిచిన పద్ధతి వేలకొలది ఇండ్లకు ప్రాకవలెనన్నచో కొలతలు, పరీక్షలు, హద్దులు వ్రాతలోనికి రావలెను. ఈ పనిని ఆయన అనుచరులును, బెంగుళూరు మొదలైనచోట్ల మట్టిదిమ్మెలపై పరిశోధించిన ఇంజనీర్లును తరువాత కొంత పూరించినారు.

మన జిల్లాలలో బేకరు పద్ధతిలో ఇల్లు కట్టుకొనగోరువారికి ఒక మాట. కర్నూలులోగాని, రామగుండములోగాని మే నెల మధ్యాహ్నము గాలివేడి 40 డిగ్రీలు దాటును. మన చర్మపు వేడి సుమారు 34. అట్టి గాలి జాలీ గోడగుండా పగలంతయు ఇంటిలోనికి వచ్చినయెడల గోడలు, మంచములు, నీటికుండ తప్ప తక్కినవన్నియు కాగిపోవును. ఇట్టిచోట పగలు మూసి, రాత్రి తెరువవలెను. గోడ, కప్పు మందముగా ఉండవలెను. రాయలసీమ మిద్దెఇండ్లలో రాతిగోడలు, మట్టికప్పు చేయుచున్న పని ఇదియే. శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు తుఫానుగాలికి తట్టుకొను చుట్టిండ్లలో ఆయన గుండ్రని గోడలకు బంధుత్వము కనబడును. పిథోరాగఢ్‌లో ఆయన చేసినది అచ్చటి ఇండ్లను చదువుట. ఉళ్ళూరులో చేసినది అచ్చటి గాలిని చదువుట. ఇటీవల ఎండప్రాంతములలో కొందరు ఇంటిముందు అందమునకు జాలీ గోడ కట్టించి, దాని వెనుక గాజుపలకలు బిగించి, లోపల ఎయిర్ కండిషనరు నడుపుచున్నారు. అట్టి గోడకు ఎన్ని ఇటుకలు పట్టినవో ఎవరైనను లెక్కపెట్టవచ్చును. అది నీడనిచ్చుచున్నదో లేదో తెలిసికొనుటకు మధ్యాహ్నము మూడుగంటలకు గాజుమీద ఒక ఉష్ణమాపకము ఆనించిన చాలును.